అయిదుగురికి సరిపడా

కాజాలక్క సూదిని ఒకసారి తలలో జుట్టుకి రాసి మళ్ళీ గుడ్డలోకి దించింది. బడి చొక్కాల సీజను. తెల్లచొక్కాలు ఆవిడ మోకాళ్ళ ఎత్తున గుట్టపడి ఉన్నాయి. కాజా కత్తిరించడం, అంచు చుట్టూ కుట్టడం, ఎదురుగా గుండీ వెయ్యడం, దారం పంటితో తెంపి ఆ చొక్కా పక్కన పడేసి ఇంకోటి అందుకోవడం. ఆవిడకి పేరు లేకపోలేదు. జీతమిచ్చే టైలరు మాస్టారికే అది గుర్తులేదు. కాజాలు కుట్టే అక్క కాబట్టి కాజాలక్క. కూరగాయలమ్మే ఆవిడ దగ్గర్నుంచి అద్దెకిచ్చిన ఇంటాయన దాకా అందరికీ అదే అలవాటైపోయింది. ఆవిడా పలుకుతుంది.

మాస్టారు మెడలో టేపు సర్దుకుంటూ వచ్చి నించున్నాడు.

"ఏం తేల్చావక్కా? వెళ్తున్నావా, ఉంటున్నావా? వెళ్ళేదుంటే చెప్పు, ఇంకో మనిషిని చూసుకోవాలి. సీజను నడిమధ్యలో నన్ను నట్టేట ముంచకు తల్లీ."

"సాయంత్రం చెప్తాను మాస్టారూ."

"సాయంత్రమేగా వ్యాను వచ్చేది! ఎక్కి చెప్తావా, దిగి చెప్తావా?"

మిషన్ల మీదవాళ్ళు గొల్లుమన్నారు. కాజాలక్క కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది పాపం, చెప్పడానికి ఆవిడ దగ్గర మాత్రం ఏముంది గనక.

ఆవిడ ఉండేది తమ్ముడింట్లో. ఆ తమ్ముడికి వేరే ఊరు బదిలీ అయింది. మరదలు నర్సు, ఆ ఊళ్ళో ఆస్పత్రిలో పని కూడా చూసుకుంది. మేనకోడలికి అక్కడి కాలేజీలో సీటు దొరికింది, మేనల్లుడికి బడి దొరికింది. ఫ్రిజ్ తీసుకెళ్ళాలా అమ్మెయ్యాలా అని రెండ్రోజులు వాదించుకున్నారు. పాత మంచం గురించి మాట్లాడుకున్నారు, దోమతెరల గురించి మాట్లాడుకున్నారు, ఆఖరికి మేనల్లుడి చేపలతొట్టి గురించి కూడా ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్నారు. కాజాలక్క వస్తుందా రాదా అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అడగొచ్చుగా, నోరు లేదా అంటారు మీరు. నోరుంది. కొట్లో బేరమాడేటప్పుడు వినాలి ఆ నోటిని. కానీ తమ్ముడి సంగతి ఆవిడకి తెలుసు. అడిగితే కాదనడు. చచ్చినా కాదనడు. "అదేంటక్కా, నువ్వు రాకపోతే ఎలా?" అనేస్తాడు మొహమాటానికి. ఆ తర్వాత ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ తను అడిగి వచ్చిన మనిషే. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. అప్పట్నుంచీ వాడికి ఆకలేస్తోందో జ్వరమొస్తోందో వాడికంటే ముందు తనే కనిపెట్టింది. ఈ ఒక్కటైనా వాడంతట వాడు కనిపెట్టాలని ఆవిడ పట్టు. పెద్ద పెద్ద మాటలేం అక్కర్లేదు. 'అక్కా, నీ పెట్టె సర్దావా?' అంటే చాలు.

సగంపూట సెలవు చెప్పి, మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గాక సంచులు తీసుకుని బజారుకి బయల్దేరింది. నిన్న డ్యూటీకి పరుగెడుతూ మరదలు గుమ్మంలో చెప్పిపోయింది. "వదినా, అక్కడ దిగగానే కొట్లు వెతుక్కుంటూ తిరగలేం. వారానికి సరిపడా సరుకులు ఇక్కడే కొనేసి కట్టెయ్యండి." ఎంతమందికో చెప్పలేదు.

కిరాణా కొట్టాయన ఆవిణ్ణి చూడగానే తక్కెడ ముందుకి లాగాడు. మామూలుగా అయితే ఆవిడ నోరు తెరిచే పని కూడా లేదు. ఈవేళ మాత్రం బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టి ఆగాడు.

"మీవాళ్ళు వెళ్ళిపోతున్నారటగా. ఎంతమందికి వెయ్యనమ్మా?"

కాజాలక్క గుండె గుభేలుమంది. ఇంత చిన్న ప్రశ్నకి ఇంత భయం ఏమిటో. నలుగురికి అంటే తన చేత్తో తనని బయట పెట్టుకున్నట్టు. అయిదుగురికి అంటే పిలవని చోట కంచం వేసుకున్నట్టు.

"ఎప్పుడూ వేసేంతే వెయ్యి," అంది, పక్కనున్న సబ్బుల వైపు చూస్తూ. ఆయన వేశాడు. దొంగతనం చేసినదానిలా ఆవిడ చెంగుతో మెడ తుడుచుకుంది.

కూరగాయల దగ్గరికి వచ్చేసరికి చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. మొదటిరోజుకి ఆకుకూర, అది ఆగదు కాబట్టి. మెత్తబడిన టమాటాలు చవగ్గా ఇస్తారు, అవి రెండోరోజు పప్పులోకి. గట్టివి ఏరి వేరే పెట్టింది. బెండకాయలు చివర విరిచి చూసింది, విరిచినందుకు కూరగాయలావిడ చేత తిట్లు తింది, తిరిగి నాలుగు అంటించింది. సొరకాయ గోటితో గిల్లింది. గుమ్మడిముక్క, బంగాళాదుంపలు వారం చివరికి. అవి కూర్చోబెడితే కూర్చుంటాయి. గుడ్లు. మేనల్లుడి డబ్బాలోకి అరటిపళ్ళు, రెండు పచ్చివి, రెండు దోరవి, ఒకటి ఇవాళే తినేది. మేనకోడలికి వంకాయలో గింజ కంటపడితే కంచం తోసేస్తుంది, కాబట్టి లేతవి. రాత్రి డ్యూటీ చేసొస్తే మరదలికి కారం పడదు, ఛాతీలో మంట. తమ్ముడికి ఏదైనా ఒకటే. ఉప్పు మరిచిపోయినా కిమ్మనకుండా తిని లేచిపోతాడు. ఆ ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో తింటారు. ఎవరి డబ్బా వాళ్ళకి మూతపెట్టి ఉంచితే, ఖాళీ డబ్బాలు సింకులోకి వస్తాయి. డబ్బా గీకి ఉంటే నచ్చినట్టు. కాజాలక్కకి మెప్పు అంటే అదే.

రెండు చేతులా సంచులతో గేటు తోసుకుని వచ్చేసరికి వ్యాను అప్పటికే వచ్చి ఉంది. ఇల్లంతా అట్టపెట్టెలు. తమ్ముడు ఒక పెట్టె మీద మోకాలు ఆనించి టేపు వేస్తున్నాడు. అక్కని చూసి లేచి సంచులందుకున్నాడు. "బరువుగా ఉన్నాయే," అన్నాడు. ఆవిడ ఆగింది. ఆయన మళ్ళీ టేపు అందుకున్నాడు. చెవుల దగ్గర నెరిసింది మనిషికి, ఉలకడం పలకడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. బెల్లం కొట్టిన రాయి నయం.

ఆవిడ వెనకగదిలోకి వెళ్ళి చీర మార్చుకుంది. మంచం మీద ఆవిడ పెట్టె తాళం వేసి ఉంది. తెల్లారగట్లే సర్దేసింది. సర్ది, హాల్లోకి తీసుకెళ్ళి మిగతావాటి పక్కన పెట్టి, ఎవరూ లేవకముందే సిగ్గేసి మళ్ళీ తెచ్చి ఇక్కడ పెట్టింది.

వంటింట్లో నేలమీద కూర్చుని సరుకులు రోజులవారీగా విడదీస్తుంటే మరదలు వచ్చి ఎదురుగా చతికిలబడింది. కళ్ళకింద నల్లగా ఉంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోయినట్టు లేదు. చేతిలో ఫోను.

"వదినా, మీరు వారానికి ఏది ఎంత, ఏ రోజు ఏది వండుతారో ఒకసారి చెప్పండి. రికార్డు చేసుకుంటాను. నాకు ఓనమాలు కూడా తెలీవు."

కాజాలక్క చేతిలో బెండకాయల సంచి అలాగే ఉండిపోయింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఈ పిల్ల ఇంట్లో ఉప్పెక్కడుందో అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అడుగుతోంది.

మరదలు ఆ మొహం చూసింది. "వెనకగది మీకే ఉంచమని మీ తమ్ముడు ఇంటాయనతో మాట్లాడారు. అద్దె నెలనెలా అక్కణ్ణుంచి పంపిస్తారు. అక్కడ ఉన్నవి రెండే గదులు వదినా, పిల్లలకే చాలట్లేదు..." గొంతు తగ్గించింది. "ఆయన మీతో చెప్పారుగా?"

హాల్లో టేపు చర్రుమని సాగుతోంది. ఒక్క క్షణం ఆగింది.

"ఆఁ, చెప్పాడు," అంది కాజాలక్క. "చెప్పకుండా ఉంటాడా."

టేపు మళ్ళీ సాగింది.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. ఏ రోజు ఏ కూరో, మధ్యమధ్యలో జాగ్రత్తలూ. ఆకుకూర కడిగి పెట్టొద్దు, కుళ్ళిపోతుంది, గుడ్డలో చుట్టు. నూనె డబ్బా పిల్లల చేతికివ్వకు. పప్పు రాత్రే నానెయ్, పొద్దున్న గ్యాసు కలిసొస్తుంది. అబ్బాయి పళ్ళు ఒలిచిస్తేనే తింటాడు, అమ్మాయికి ఒలిస్తే కోపం. ఆకలితో కొట్టుకెళ్ళకు, అవసరం లేనివన్నీ సంచిలో పడతాయి. మరదలు తలూపుతూ రోజుకో వేలు ముడుస్తోంది.

"నడుమన ఒకరోజు వదిలేశారు వదినా."

నిజమే. ఆ రోజు మిగిలిన ముక్కలన్నీ కలిపి ఏదో ఒకటి చేసేసేది. దానికి పేరు లేదు.

"ఆరోజు కాకరకాయ కూర," అంది కాజాలక్క.

"కాకరకాయా? మన ఇంట్లో ఎప్పుడూ చూళ్ళేదే!"

"మా తమ్ముడికి ప్రాణం. పిల్లలు తినరని నేనే మానేశాను. నువ్వు మానకు. వారానికోసారి తప్పకుండా చెయ్యి."

పచ్చి అబద్ధం. కాకరకాయంటే వాడికి బుద్ధెరిగినప్పట్నుంచీ గిట్టదు. చిన్నప్పుడు ముక్కలన్నీ ఏరి అక్క కంచంలోకి తోసేవాడు. లొట్టలేసుకుంటూ తినేది ఆవిడ. తనొక్కదానికోసం అంత నూనె తాగే కూర ఎందుకులెమ్మని ఇన్నేళ్ళలో ఒక్కసారీ కొనలేదు. అందరి ఇష్టాలకీ వారంలో చోటు చూసిన మనిషి తనకంటూ ఒక్కపూట ఉంచుకోలేదు. ఇప్పుడు నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది. కోపమే, కాదనడానికి లేదు. తిననీ వెధవని, వారానికోసారి చేదు తింటూ నోరు మూసుకోనీ అనిపించింది. అంతలోనే ఆ ఊళ్ళో, ఆ రెండు గదుల్లో, తనకి కూడా ఒక రోజు దొరికినట్టు అనిపించింది.

మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది, ఏదో అనబోయింది. వ్యానువాడు కేకేశాడు. ఫోను చీరకుచ్చిళ్ళకి తుడుచుకుని లేచిపోయింది.

సామాన్లు ఎత్తేవాడు వెనకగదిలోకి తొంగి చూశాడు. "ఈ పెట్టె కూడానామ్మా?"

"అది కాదు నాయనా," అంది ఆవిడ.

అరగంటలో ఇల్లు ఖాళీ అయింది. మేనకోడలు వచ్చి గట్టిగా కౌగిలించుకుని, "సెలవుల్లో వచ్చెయ్ అత్తా," అని ముక్కు చీదుకుంది. మేనల్లుడు చేపలతొట్టి ఒళ్ళో పెట్టుకుని అప్పటికే వ్యాన్లో కూర్చున్నాడు, నీళ్ళు ఒలికిపోతాయని దిగలేదు. మరదలు లోపల సరుకుల సంచులు కాళ్ళ మధ్య సర్దుకుంది.

తమ్ముడు గేటు దగ్గర నించున్నాడు. జేబులు తడుముకున్నాడు. తాళాలు ఉన్నాయో లేదో చూశాడు. మళ్ళీ చూశాడు.

"అక్కా..."

"ఆఁ?"

"కాసిని మంచినీళ్ళు."

ఆవిడ వెళ్ళి తన కోసం వదిలేసిన గ్లాసుతో తెచ్చింది. ఆయన తాగుతుంటే గొంతు పైకీ కిందకీ కదులుతోంది. ఇప్పుడు చెప్పెయ్యాలా అనుకుంది కాజాలక్క. ఒరేయ్, కాకరకాయ సంగతి ఉత్తదేరా, మీ ఆవిడకి చెప్పెయ్, పాపం నువ్వు తినలేవు. పెదాల దాకా వచ్చింది.

"ఏమండీ," మరదలు కిటికీలోంచి తల బయటపెట్టింది. "కాకరకాయంటే మీకు అంత ప్రాణమట! ఇన్నేళ్ళలో నాతో ఒక్కమాటైనా చెప్పలేదే?"

"ఛీ, చేదు!" అన్నాడు వెనక నుంచి మేనల్లుడు.

తమ్ముడు గ్లాసు నోటి దగ్గర్నుంచి దించాడు. పొద్దున్నుంచీ మొదటిసారి అక్క మొహంలోకి సూటిగా చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. తిప్పుకుందామన్నా కుదరలేదు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరగడం, వాడు వాటిని మింగుకోవడం, అంతా కనిపించింది.

"ఇష్టమే," అన్నాడు. "చిన్నప్పట్నుంచీ. వారానికోసారి చెయ్యి, మరిచిపోకు."

గ్లాసు గేటు గోడ మీద పెట్టి గబగబా వెళ్ళి వ్యాన్ ఎక్కేశాడు. తలుపు సరిగ్గా పడక రెండోసారి వేశాడు. వ్యాను పొగ వదిలి, మూల దగ్గర ఒకసారి ఆగి, మలుపు తిరిగింది.

కాజాలక్క గేటు పట్టుకుని నించుంది. రేపు మాస్టారికి చెప్పాలి, ఇంకో మనిషిని చూసుకోనక్కర్లేదని. రాత్రికి ఏం వండుకోవాలో ఆలోచించబోయింది, ఒక్కదానికి ఎంత బియ్యం పడుతుందో ఆవిడకి తెలియలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. వీధిలో ఎవరూ లేరు గనక, తుడుచుకోకుండానే ఏడ్చింది.

గోడ మీద గ్లాసులో సగం నీళ్ళు మిగిలి ఉన్నాయి, ఇంకా కొంచెం కదులుతూ.