హిలరీ మేడమ్ కనిపెట్టిన కోడి

ఓడ ఆగిన రోజున గ్రెనడా దీవిలోని సెయింట్ జార్జెస్ రేవులో టాక్సీ డ్రైవర్లందరూ ఒకే పాట పాడతారు: జలపాతం, జాజికాయల మిల్లు, బీచ్. థియోబాల్డ్ మోడెస్ట్ ఇరవై రెండేళ్ళుగా అదే పాడుతున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి బండిలో ఉన్నవాళ్ళని పిన్ని కొడుకు లెనాక్స్ హోటల్‌కి చేరుస్తాడు. అక్కడి కిటికీలోంచి సముద్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. వడ్డించే చేప మాత్రం ఆ సముద్రానిది కాదు, గడ్డకట్టి విమానంలో వస్తుంది. ఇంతవరకు ఎవరూ తేడా కనిపెట్టలేదు. ఎలా కనిపెడతారు, వాళ్ళు తినేది కిటికీని కదా.

ఆ గురువారం బండెక్కిన హిలరీ పెన్‌రోజ్ అలాంటి అమాయకురాలు కాదు. ఇంగ్లండ్‌లో లైబ్రరీ ఉద్యోగం చేసి రిటైరై, ఏ దేశంలో ఏం తినాలో ఇంటర్నెట్‌లో లోకానికి తెలియజెప్పే బాధ్యత నెత్తిన వేసుకున్న మనిషి. చేతిలో నోటుపుస్తకం, మెడలో రెండు జతల కళ్ళద్దాలు. భర్త డగ్లస్ ఆమె సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు. ఆకలి చెడకూడదని ఆవిడ పొద్దున ఓడలో అతన్ని టిఫిన్ కూడా తిననివ్వలేదట.

స్థానికులు తినే చోటికే తీసుకెళ్ళాలని ఆవిడ ఆజ్ఞ. థియోబాల్డ్ అలవాటు ప్రకారం లెనాక్స్ హోటల్ ముందు ఆపాడు. ఆవిడ కారు దిగకుండానే లోపలికి తొంగిచూసి, అంతా టూరిస్టులేనని ముఖం చిట్లించింది. తాను మాత్రం ఆ దీవిలోనే పుట్టి పెరిగినట్టు.

తర్వాత అయాంతీ అక్క కొట్టుకి తీసుకెళ్ళాడు. ఆవిడ చేసే పీతల కూరకి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తారు. కానీ అక్కడ బొమ్మలున్న మెనూ కార్డుకి ప్లాస్టిక్ తొడిగి ఉంది. ప్లాస్టిక్ ఉన్నచోట ఆత్మ ఉండదని హిలరీ తేల్చేసింది.

మూడోది బస్టాండు వెనక క్యాంటీన్. బస్సు డ్రైవర్లు వరసగా కూర్చుని తింటున్నారు, ఒక్క తెల్లముఖం లేదు. ఆవిడ కళ్ళు మెరిశాయి. అంతలో గోడమీది టీవీలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ కనిపించింది. టేబుల్ మీద టమాటా సాస్ సీసా కనిపించింది. ఈ చోటు చెడిపోయిందని చెప్పి, ఎవరో దగ్గరివాళ్ళు పోయినంత బాధపడింది. వాసన బాగుందని డగ్లస్ అన్నాడు. పొద్దుటినుంచి అతను అన్న మొదటి మాట అది. ఎవరూ వినిపించుకోలేదు.

"అసలు మీరెక్కడ తింటారు?" అని ఆవిడ థియోబాల్డ్‌ని నిలదీసింది.

"మా ఇంట్లో, మేడమ్."

మాట నోరు దాటగానే తప్పు చేశానని అతనికి తెలిసిపోయింది. ఆవిడ అప్పటికే సీటు బెల్టు పెట్టేసుకుంది.

గురువారాలు అతని భార్య వెర్లిన్ పొయ్యి వెలిగించదు. వారమంతా బజార్లో కూరగాయలమ్మే మనిషికి ఒక్కరోజైనా పొయ్యి మొహం చూడకుండా ఉండే హక్కుందని ఆవిడ వాదన. దాన్ని కాదనే ధైర్యం థియోబాల్డ్‌కి లేదు. ఆ రోజు టౌన్లోని ఫాస్ట్‌ఫుడ్ కొట్లో వేయించిన కోడి డబ్బా తెచ్చుకుంటుంది. కారు వచ్చి ఆగేసరికి ఆవిడ జుట్టుకి రోలర్లు పెట్టుకుని, కాళ్ళు స్టూలు మీద చాపి, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది.

మొగుడి వైపు ఆవిడ చూసిన చూపుకి ఎండలో కూడా అతనికి చెమట ఆరిపోయింది. అయినా ఇంటికొచ్చినవాళ్ళ ముందు పరువు పోకూడదు. ఆవిడ లోపలికెళ్ళి, డబ్బా దాచేసి, పెద్ద పళ్ళెంలో అరటాకు పరిచి, దానిమీద కోడి ముక్కలు పేర్చి తెచ్చింది.

హిలరీ ముందు అరటాకుని చూసింది. తర్వాత ఒక ముక్క కొరికి కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి తెరిచి, ఇందులో ఏమేం వేస్తారని అడిగింది.

వెర్లిన్ ఆదివారం తప్పకుండా చర్చికెళ్ళే మనిషి, అబద్ధం చెప్పదు. "నాకు తెలీదండీ. నేను చెయ్యలేదు."

"మరెవరు చేశారు?"

"టౌన్లో మా పిన్ని," అన్నాడు థియోబాల్డ్ గబుక్కున. "మసాలా ఎవరికీ చెప్పరు."

"అది మాత్రం నిజం," అంది వెర్లిన్. "అక్కడ పనిచేసేవాళ్ళకి కూడా చెప్పరట."

హిలరీ కలం ఆగలేదు. తరతరాల రహస్యం, కట్టెల పొగ, నానమ్మల చేతివాసన, అన్నీ ఆ ముక్కలో దొరికాయి ఆవిడకి. అలా రాస్తూనే పళ్ళెం ఖాళీ చేసింది. డగ్లస్‌కి ఒక రెక్క దక్కింది.

థియోబాల్డ్‌కి అదీ దక్కలేదు. కడుపు నకనకలాడుతుంటే వంటింట్లోకి వెళ్ళాడు. వెర్లిన్ వెనకే వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "డబ్బా మీద కోడిపుంజు బొమ్మ ఉంది చూడు థియో, అదేనా మీ పిన్ని?"

గురువారం పొయ్యి వెలిగించాల్సొచ్చిందని గొణుక్కుంటూనే ఆవిడ నిన్నటి ఆయిల్ డౌన్ గిన్నె పొయ్యిమీద పెట్టింది. సీమపనస ముక్కలు, ఉప్పుమాంసం, పిండి ఉండలు, చేమాకు, పసుపు వేసిన కొబ్బరిపాలల్లో పాలన్నీ ఇగిరిపోయేదాకా ఉడికిన కూర అది. మిగిలినదాన్ని అతిథులకు పెట్టడం వెర్లిన్ దృష్టిలో వాళ్ళని అవమానించడమే. అందుకే బయటివాళ్ళకి డబ్బా కోడి, ఇంటాయనకి గిన్నె అడుగు.

చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన డగ్లస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వెర్లిన్ గబగబా మూత పెట్టబోయింది.

"అది నిన్నటిదండీ."

"పర్వాలేదమ్మా," అన్నాడతను. "కాస్త పెడతారా?"

తిరగేసిన బకెట్ మీద కూర్చుని తిన్నాడు. మొదటి పళ్ళెం ఒక్క ఊపులో ఖాళీ చేశాడు. రెండోది తింటూ మెల్లిగా చెప్పుకొచ్చాడు. నలభై ఏళ్ళ కాపురంలో వాళ్ళు ఒక హోటల్లో రెండోసారి తినలేదట. హిలరీ పుస్తకంలోకి ఎక్కిందంటే ఆ చోటుతో పని అయిపోయినట్టే. పోర్చుగల్‌లో ఒక చారు ఇప్పటికీ కలలోకి వస్తుందట, మళ్ళీ వెళదామని అడగడానికి ఇప్పటిదాకా నోరు రాలేదట.

వెర్లిన్ గరిటెతో గిన్నె అడుగున అంటిన మాడుపొర గీకి అతని పళ్ళెంలో వేసింది. పెళ్ళైన నాటినుంచి ఆ పొర థియోబాల్డ్‌దే. అతను నోరు తెరవబోయి, పెళ్ళాం మొహం చూసి మూసుకున్నాడు.

"హిలరీతో అనకండి," అన్నాడు డగ్లస్ లేస్తూ. "అంటే ఇది కూడా రాసేస్తుంది."

ఓడ వెళ్ళిన నెలకల్లా టూరిస్టులు ఫోన్లలో హిలరీ రాసింది పట్టుకుని రేవులో దిగడం మొదలైంది. మోడెస్ట్ పిన్ని కోడి ఎక్కడ దొరుకుతుందని అందరి నోటా అదే ప్రశ్న. థియోబాల్డ్ మొదటి ఇద్దరికీ నిజం చెప్పాడు. పరాయివాళ్ళకి చెప్పకుండా దాస్తున్నాడని వాళ్ళు నొచ్చుకున్నారు. ఆ తర్వాత నిజం చెప్పడం మానేశాడు. సంగతి లెనాక్స్ చెవిన పడింది. ఇప్పుడతను టౌన్ నుంచి డబ్బాలు తెప్పించి, అరటాకుల మీద పెట్టి, కిటికీ పక్కన వడ్డిస్తున్నాడు. విమానంలో వచ్చే చేపని ఎవరూ అడగడం లేదు. తిన్నవాళ్ళు ఇన్నాళ్ళకి అసలైన గ్రెనడా రుచి తెలిసిందని రాసిపోతున్నారు.

ఒక సాయంత్రం థియోబాల్డ్ ఫోన్లో హిలరీ పేజీ తెరిచి పెళ్ళానికి చూపించాడు. వాళ్ళిప్పుడు పెరూలో ఉన్నారు. ఫొటోలో ఆవిడ ఏదో మట్టిగిన్నె పట్టుకుని నవ్వుతోంది. పక్కన డగ్లస్ సంచులు మోస్తూ, కెమెరా వైపు కాకుండా ఆ హోటల్ వంటింటి తలుపు వైపు చూస్తున్నాడు.

వెర్లిన్ ఫోన్ దగ్గరికి తీసుకుని బొమ్మని పెద్దది చేసింది.

"సన్నబడ్డాడు, పాపం," అంది.