మైసన్న కనబడని ఫోటోలు

రెండేండ్లు సముద్రం అవతల తిరిగి ఎల్లారెడ్డికి వచ్చిన మైసన్నకు పెండ్లాం గంగమణి మంచినీళ్ళయితే ఇచ్చింది గానీ, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అనాల్సిందంతా బర్రెతోనే అనేది. "బొంబాయిల ఇంకో పెండ్లాన్ని పెట్టుకున్నోళ్ళు గిట్లనే బలిసి వస్తరు, ఇంటున్నవానే?" అంటూ గడ్డి వేసేది. బర్రె కూడా అతని వైపు అదోలా చూడటం మొదలుపెట్టింది.

అతను పోయింది బొంబాయికి కాదు. రాళ్ళ గురించి చదువుకున్న హైదరాబాదు దొర ఒకాయన సుమత్రా దీవికి పోతూ, కెమెరా పెట్టె మోయడానికి మైసన్నను వెంటబెట్టుకుపోయాడు. గుట్ట ఎక్కితే చాలు, దొరకు కళ్ళు తిరిగేవి. దాంతో ఫోటోలు తీసే పని కూడా మైసన్న నెత్తినే పడింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైందని ఇద్దరూ తిరిగొచ్చేటప్పుడు, పొగలు కక్కే గుట్టలూ సముద్రపు ఒడ్డులూ ఉన్న ముప్పై ఫోటోలను మైసన్న అట్టపెట్టెలో భద్రంగా తెచ్చుకున్నాడు. పెండ్లాం నమ్మాలంటే ముందు ఊరు నమ్మాలని, వాటిని చావడిలో పరిచాడు.

ఊరి పెద్ద బాలయ్య ముందుగా పొగ గుట్టను చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరి బట్టిరా ఇది?"

"బట్టి గాదు బాపు, గుట్ట. దానంతటదే కాలుతది."

"కాలుతుంటే ఆ ఊరి పటేలు ఏం జేస్తుండు? నాలుగు కుండల నీళ్ళు పోయించరాదు?"

తర్వాత సముద్రం వంతు వచ్చింది. బాలయ్య నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే మనిషి. నీళ్ళ గురించి ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"తూమేది?"

"తూముండదు బాపు. అవి ఉప్పు నీళ్ళు."

"పొలం పారని నీళ్ళు గన్ని ఎవడు నింపిండు?"

సముద్రం చిత్తుగా ఓడిపోయింది. ఆఖరికి బాలయ్య అసలు సంగతి పట్టుకున్నాడు. "ముప్పైట్ల నువ్వు ఒక్కదాంట్ల గూడ లేవేందిరా?"

"తీసినోడు ఎట్ల కనబడుతడు బాపు?" అని మైసన్న మొత్తుకుంటే అందరూ జాలిగా నవ్వారు.

మైసన్నకు ఒళ్ళు మండింది. కామారెడ్డి నుంచి ఫోటోగ్రాఫరును పిలిపించాడు. నిజాంసాగర్ ఒడ్డున తమ ఊరి సిద్దిరాములు నడిపే ఇటుక బట్టి పక్కన, దొర ఇచ్చిన టోపీ పెట్టుకొని నిలబడి ఫోటో దిగాడు. వెనక పొగ, దాని వెనక నీళ్ళు. అది చావడికి రాగానే ఊరు ఊరంతా నమ్మేసింది!

"ఇగో, ఇప్పుడు ఒప్పుకుంటం," అన్నాడు బాలయ్య. సిద్దిరాములు తన బట్టిని గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, అందరికంటే గట్టిగా నమ్మాడు. "చూస్తిరా, మా బట్టి సుమత్రా దాక పోయచ్చింది," అని మీసం దువ్వుకున్నాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గంగమణి మాత్రం నమ్మలేదు. "దొంగ ఫోటో ఎందుకు దిగుతరే బర్రె? కడుపుల దొంగతనం ఉంటేనే గదా!" అంది. ఆమెకు ఉన్న అనుమానాన్ని తన చేతులతోనే రూఢి చేశానని మైసన్నకు అప్పుడు తెలిసొచ్చింది. గంగమణి ఇక తనకు దక్కదనిపించి, గుంజకు ఆనుకొని ఏడ్చాడు.

ఆమె అట్టపెట్టె తెచ్చి పొయ్యి ముందు కూర్చుంది. ఒక గుట్టను పొయ్యిలో వేసింది. అక్కడ కాలిన గుట్ట ఇక్కడ మళ్ళీ కాలింది. ఇంకో గుట్ట వేసింది. ఒక ఒడ్డును వేసింది. నాలుగో ఫోటో మాత్రం చేతిలోనే ఆగిపోయింది.

అందులో పొద్దుటెండ పడిన ఇసుక. ఇసుక మీద మూడు కాళ్ళ కెమెరా నీడ, పక్కనే ఒక మనిషి నీడ. ఎడమ చెయ్యి నడుము మీద ఉంది. తలకు చుట్టిన తువాలు కొస చెవి వెనక కొమ్ములా నిక్కి ఉంది. ఆ కొసను లోపలికి దోపుకొమ్మని గంగమణి పన్నెండేండ్లుగా చెప్పి చెప్పి అలిసిపోయింది.

ఫోటోను కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు నిండాయి. బర్రె వైపు కాకుండా, నేరుగా మైసన్న వైపు తిరిగింది.

"గంత దూరం పోయి గూడ తువాలు కొస దోపుకోకపోతివి," అంది. "లే, బువ్వ తిను."