లక్ష రూపాయల అట్ట

నేను ఒక చెక్కును. పేరుకే చెక్కును. ఏ బ్యాంకు కౌంటరు సందులోనూ నేను పట్టను, పట్టినా నన్ను చూసి ఎవరూ పైసా ఇవ్వరు. మంచమంత పొడవు, అందులో సగం వెడల్పు ఉన్న ఫోమ్ అట్టను. వేదిక మీద పెద్దమనుషులు చెరో కొసా పట్టుకుని కెమెరా వైపు నవ్వుతుంటే, వాళ్ళ నడుములకు అడ్డంగా కనబడేది నేనే. పేపర్లో మమ్మల్ని మీరు చూసే ఉంటారు. 'పోనీలే, మంచిపని చేశారు' అనుకుని పేజీ తిప్పేసి ఉంటారు. ఆ ఫొటో తర్వాత ఏం జరుగుతుందో మాత్రం మీకెవరూ చెప్పి ఉండరు. నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. తలెత్తుకుని చెప్పగలిగే కథ కాదు.

రామచంద్రపురంలో ఫణిబాబు అనే ఆయన ఫ్లెక్సీల దుకాణంలో పుట్టాను. నేను పుట్టిన రోజున ఆ దుకాణం గోడకు ఒక పక్క ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, ఇంకో పక్క ఎవరిదో సంతాపం ఫ్లెక్సీ ఆరుతున్నాయి. నన్ను చేయించుకోవడానికి వచ్చినాయన పేరు విశ్వనాథం. మహాలక్ష్మమ్మ స్మారక విద్యా ట్రస్టుకు కోశాధికారి. ట్రస్టు అధ్యక్షుడు రైసు మిల్లు జోగారావు గారు ఈయనకు బావగారు. మహాలక్ష్మమ్మ జోగారావు గారి తల్లి.

"పేరు సూర్యకుమారి అని రాయి. అంకె బాగా పెద్దగా ఉండాలి. లక్ష రూపాయలు," అన్నాడు విశ్వనాథం.

"సంతకం ఎవరిది పెట్టమంటారండీ?"

"ఏదో ఒకటి గీసెయ్యవయ్యా. అంత దూరం నుంచి సంతకాలు ఎవడు చూత్తాడు?"

ఫణిబాబు ఏదో గీశాడు. అలా నా ఒంటి మీద ఎవరిదీ కాని సంతకం పడింది. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు. రంగులు కొత్తవి, అంచులు నున్నగా ఉన్నాయి, నన్ను చూసి నేనే మురిసిపోయాను. ఒక పిల్ల చదువు నా మీదుగా నడవబోతోందని నమ్మాను.

ఆ పిల్లను మర్నాడు కల్యాణ మండపంలో చూశాను. సూర్యకుమారి తండ్రి బుల్లియ్య, మార్కెట్టు వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన. తల్లి నూకరత్నం ఇళ్ళ నుంచి బట్టలు తెచ్చి, మడతలు పెట్టి మళ్ళీ ఇచ్చి వస్తుంది. పిల్లకు విశ్వవిద్యాలయంలో ఫుడ్ టెక్నాలజీ ఇంజనీరింగులో సీటు వచ్చింది. ప్రభుత్వం ఫీజు తర్వాత ఇస్తుంది. ఆ 'తర్వాత' ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఫీజు, హాస్టలు, మెస్సు కట్టకపోతే సీటు పోతుంది. బుల్లియ్య బ్యాంకుకు వెళ్ళి చదువు అప్పు అడిగాడు. మేనేజరు మార్కులు చూసి కాదనలేదు. విశ్వవిద్యాలయం కూడా పేదపిల్లలకు ఫీజులో రాయితీ ఇస్తుంది, సూర్యకుమారి దానికీ దరఖాస్తు పెట్టింది. సరిగ్గా ఆ సమయంలో జోగారావు గారు కబురు పెట్టారు. మా అమ్మ పేరు మీద మేమే చదివిస్తాం, వేదిక మీదకి రండి అని.

మైకు పట్టుకున్నాయన గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది. "మనందరి బట్టలూ నలక్కుండా చూసే మన బుల్లియ్య కూతురండీ! బొగ్గుల పెట్టె దగ్గర పెరిగిన పిల్లండీ! చప్పట్లు కొట్టాలి మరి!"

చప్పట్లు కొట్టారు. బుల్లియ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకు కట్టుకున్నాడు. జోగారావు గారి తెల్లచొక్కా ఆ పొద్దున్నే బుల్లియ్య చేతి కింద నుంచి వచ్చిందే. కాలరు దగ్గర చిన్న ముడత పడి ఉంటే బుల్లియ్య చూపు దాని మీదే ఆగిపోయింది. అందరి ముఖాలూ చూడటం కంటే ఆ ముడత చూడటం ఆయనకు తేలికయింది.

"నవ్వమ్మా, కొంచెం నవ్వాలి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

సూర్యకుమారి నవ్వలేదు. నన్ను కొంచెం పైకెత్తి ముఖం సగం నా వెనక దాచుకుంది. నేను పెద్దదాన్ని కాబట్టి ఆ మాత్రం చోటు దొరికింది. ఆ కుటుంబానికి నేను చేసిన ఉపకారం అదొక్కటే.

నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఒకటే గది. నన్ను నిలబెడితే కిటికీ మూతపడుతుంది, పడుకోబెడితే నడవడానికి దారి ఉండదు. చివరికి బట్టల మూటల పక్కన గోడకు చేర్చారు. చుట్టుపక్కల వాళ్ళు వరసగా వచ్చి చూసి వెళ్ళారు. ఒకామె నా మీది అంకెను వేలితో తడిమి చూసింది. కిరాణా కొట్టాయన పాత బాకీ గుర్తు చేశాడు. వరసకు బావయ్యే ఒకాయన చేబదులు అడిగాడు. "లచ్చొచ్చిందంట కదా, ఇంకేంటి మీకు!" అన్నారు. డబ్బింకా రాలేదంటే ఎవరూ నమ్మలేదు. నేను అక్కడ నిలబడే ఉన్నాను మరి, సాక్ష్యంగా.

నూకరత్నం ఒకరోజు పాత చీర తెచ్చి నన్ను నిలువునా కప్పేసింది. "కళ్ళెదురుగా ఉంటే అన్నం దిగట్లేదు," అంది.

కప్పినా మాటలు వినబడతాయి. బుల్లియ్య మిల్లుకు వెళ్ళి వచ్చిన రోజు సంగతి అలాగే విన్నాను.

"ఏవన్నారు?" అని అడిగింది భార్య.

"ఇచ్చేశాం కదయ్యా అన్నారు. గోడ మీద ఫొటో చూపించారు. ఇదిగో నువ్వు, ఇదిగో నేను అని." బుల్లియ్య గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన అబద్ధం ఆడట్లేదే రత్నం. ఇచ్చేశాననే అనుకుంటున్నారు."

"మరి ఆ విశ్వనాథం?"

"లెక్కలు చూసే ఆయన రావాలంట. చూద్దాం అన్నారు."

ఆ మాట విన్నప్పుడు నా ఫోమంతా లోపల్లోపల చచ్చుబడినట్టయింది. జోగారావు గారు దుర్మార్గులైతే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆయన నిజంగానే ఇచ్చాననుకుంటున్నారు. నన్ను చేతుల్లోంచి వదిలిన క్షణంలోనే ఆయనకు దానం చేసిన తృప్తి దక్కింది. డబ్బు చేయాల్సిన పని ఆయన మనసులో నేనే చేసేశాను.

అంతటితో పోలేదు. వారం తిరక్కుండా బ్యాంకు మేనేజరు బుల్లియ్యను పిలిపించి మా ఫొటో పడిన పేపరు ముక్క చూపించాడు. ట్రస్టు వాళ్ళు కడుతున్నారు కాబట్టి ఇక మీకు అప్పెందుకు, అంతా కలిపి చూస్తే రూలు ఒప్పుకోదు అన్నాడు. విశ్వవిద్యాలయం నుంచి కూడా అలాంటి జవాబే వచ్చింది. వేరే సాయం అందుకునేవాళ్ళకు రాయితీ వర్తించదట. అందలేదంటే ట్రస్టు చేత ఆ మాట రాయించుకు రమ్మన్నారు. సూర్యకుమారి తనే వెళ్ళి విశ్వనాథాన్ని అడిగింది.

"ఇవ్వలేదని మేమే రాసిత్తే ఊళ్ళో మా పరువేం కావాలమ్మా?" అన్నాడట ఆయన.

ఇంటికి వచ్చి ఆ మాట తల్లికి చెబుతూ ఆ పిల్ల ఏడవలేదు. నా మీది చీర అంచు పట్టుకుని నలుపుతూ కూర్చుంది. ఇవ్వకపోవడం ఒక ఎత్తు. ఇచ్చేవాళ్ళ తలుపులన్నీ నా పేరు చెప్పి మూయించాను. అట్ట ముక్కగా పుట్టి అంతకంటే నీచమైన పని ఏం చేయగలను?

అన్నిటికంటే కష్టమనిపించింది ఇంకోటి. జోగారావు గారింటి బట్టల మూట ఎప్పటిలాగే వచ్చేది. ఒకసారి నూకరత్నం దాన్ని కాలితో పక్కకు తోసింది.

"ఇంకా ఆళ్ళ బట్టలు ముట్టుకుంటావా?"

"బట్టలేం చేసినియ్యే పాపం," అని బుల్లియ్య వంగి మూట విప్పాడు. పంచె మీద నీళ్ళు చిలకరించి, ఎప్పటికంటే ఎక్కువసేపు ఇస్త్రీ చేశాడు.

సీటుకు గడువు దగ్గర పడింది. ఆ ఉదయం సూర్యకుమారి తలదువ్వుకుని, సర్టిఫికెట్ల సంచీ భుజానికి తగిలించుకుని నా దగ్గరకు వచ్చింది. చీరతో సహా నన్ను ఎత్తుకుంది.

"దీన్నెక్కడికే?" అంది తల్లి.

"ఆళ్ళు రుజువు అడిగారు కదమ్మా. మన దగ్గర ఉన్నది ఇదే."

బస్సులో నా కోసం ఒక సీటు చాలలేదు. కిటికీ గాలికి చీర జారిపోయింది. వెనక సీట్లో ఎవరో నా మీది అంకెను గట్టిగా చదివారు. బస్సంతా తిరిగి చూసింది.

"లక్షకి నా దగ్గర చిల్లర లేదమ్మా," అన్నాడు కండక్టరు. అందరూ నవ్వారు. ఆయన చెడ్డవాడేం కాదు, లగేజీ టికెట్టు కొట్టకుండా వదిలేశాడు. కానీ ఆ నవ్వుకు సూర్యకుమారి చెవులు ఎర్రబడ్డాయి. రెండు చేతులతో నా ముఖాన్ని తన ఒళ్ళోకి తిప్పుకుంది. అప్పటి నుంచి దిగేదాకా ఆమె మోకాళ్ళు తప్ప నాకేమీ కనబడలేదు.

విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంక్షేమ కార్యాలయం ఒక పొడుగాటి వరండా చివర ఉంది. వరండా నిండా పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. గుమస్తా కామేశ్వరరావు గారు తలుపులోంచి తల బయటపెట్టి, "ట్రస్టు చెక్కు అమ్మాయి ఎవరూ? లక్ష వచ్చిన అమ్మాయి!" అని కేకేశారు. అందరి కళ్ళూ ముందు నా మీద పడ్డాయి, తర్వాత ఆమె మీద. వెనక్కి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళిపోతే బాగుండుననీ అనుకున్నాను, నా సిగ్గు కొద్దీ. ఆమె నన్ను చంకలో ఇరికించుకుని లోపలికి నడిచింది.

లోపల డీన్ జహనారా మేడం కళ్ళద్దాలు పైకి తోసుకుని మమ్మల్ని చూశారు.

"ఏంటిది?"

"రాలేదని రాయించుకు రమ్మన్నారు కదండీ," అంది సూర్యకుమారి. "ఆళ్ళు రాసివ్వలేదండి. ఆళ్ళు నాకిచ్చింది ఇదొక్కటేనండి. బ్యాంకుకి తీస్కెళ్ళినా నవ్వుతారు, ఇక్కడికి తెచ్చినా నవ్వుతున్నారు. మా నాన్న, తను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కునే ఆయన్ని మాట తప్పారని అనలేకపోతున్నాడండి. నేనంటున్నాను. డబ్బు రాలేదండి."

గొంతు మొదట సన్నగా ఉంది. చివరి మాట మాత్రం వరండాలోకి వినబడేలా పడింది. కామేశ్వరరావు గారు బల్ల మీది కాగితాలు సర్దడం ఆపేశారు.

మేడం లేచి వచ్చి నన్ను తీసుకుని ముఖం గోడ వైపు తిప్పి నిలబెట్టారు. "కూర్చో. పొద్దున్న ఏమన్నా తిన్నావా?" అన్నారు. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. టీ వచ్చేదాకా మేడం ఆమెను ఏమీ అడగలేదు.

తర్వాత జోగారావు గారికి ఫోను చేశారు. ఆయన గొంతు గదిలో అందరికీ వినబడింది. "అదేంటమ్మా, మా బావమరిది ఎప్పుడో ఇచ్చేసుంటాడే! ఫొటో కూడా ఉంది!" మేడం ఆ మాటను సాగనివ్వలేదు. తేదీ అడిగారు, ఆయన చెప్పలేకపోయారు. ఫోను పెట్టేసి, ఏ ట్రస్టు నుంచీ డబ్బు అందలేదని విశ్వవిద్యాలయం తరఫున తనే బ్యాంకుకు రాసిచ్చారు. ప్రభుత్వం డబ్బు వచ్చేదాకా ఫీజుకు గడువిచ్చారు. రాయితీ దరఖాస్తును మళ్ళీ పైకి తీయించారు. మెస్సు ఖర్చుకు లైబ్రరీలో సాయంత్రం పని చూపించారు. ఇవేవీ కొత్తగా పుట్టించినవి కావు. ముందు నుంచీ అక్కడ ఉన్నవే. నేను అడ్డం నిలబడకపోతే ఎప్పుడో అందేవే.

"ఇంకేమన్నా కావాలా?" అని అడిగారు మేడం.

సూర్యకుమారి తలుపు వైపు చూసింది. "బయట పేరు పెట్టి పిలవకుండా ఉంటే చాలండి. నాక్కాదు, ఇంకా చాలామంది ఉన్నారు కదండీ," అంది. కామేశ్వరరావు గారు తలవంచుకున్నారు. వెళ్ళేటప్పుడు నన్ను తీసుకెళ్ళమంటే ఆమె వద్దంది. "ఇంట్లో పెట్టుకోలేం మేడం."

సూర్యకుమారి చేరింది. మొదటి ఏడాది తేలిగ్గా ఏమీ గడవలేదని ఆఫీసులో మాటలు వింటే అర్థమైంది. బ్యాంకు అప్పు ఆలస్యమైంది, ఒక నెల మెస్సు బాకీ పడింది, అయినా చదువు ఆగలేదు. ట్రస్టు నుంచి కూడా తర్వాత కొంత డబ్బు వచ్చింది. చెప్పినంత కాదు. ఈసారి ఫొటో తీయలేదు.

నా వీపు తెల్లగా ఖాళీగా ఉందని కామేశ్వరరావు గారే గమనించారు. మార్కరు తెచ్చి తన చేత్తో నిదానంగా రాశారు: 'సాయం కావలసిన విద్యార్థులు నేరుగా లోపలికి రావచ్చు. ఇక్కడ ఎవరి పేరూ బయటకు పిలవబడదు.' రాసి నన్ను తలుపు పక్కన గోడకు కొట్టారు. అబద్ధం ఉన్న ముఖం గోడకు, నిజం ఉన్న వీపు మనుషులకు. నాకు తగిన చోటే దొరికింది.

వేసవి ముందు ఒక రోజు బుల్లియ్య, నూకరత్నం కూతుర్ని చూడటానికి వచ్చారు. ఆమె క్లాసు అయ్యేదాకా వరండాలో నా ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. బుల్లియ్య ఒత్తులు కూడబలుక్కుంటూ నా వీపు మీది మాటలు పూర్తిగా చదివాడు.

"ఎవరో మంచోళ్ళు రాసినట్టున్నారే," అన్నాడు భార్యతో. లేచి దగ్గరకు వచ్చాడు. ఒక మూల మేకు వదులై నేను కొంచెం పక్కకు ఒరిగి ఉంటే, చొక్కా కాలరు సరిచేసినట్టు మెల్లగా నిటారుగా నిలబెట్టి, బొటనవేలితో మేకు నొక్కాడు.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఊపిరి లేనిదాన్నయినా, ఆయన చెయ్యి నా మీద ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.