తీరికపిట్ట

అతుకులమ్మ దుప్పటిని రెండు చేతులా పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తింది. చిరుగు ఎక్కడుందో వెతకడానికి కాదు; అది కళ్ళు మూసుకున్నా వేలికి తగులుతుంది. ఏ ఆకారంలో ఉందో చూడటానికి. జానెడు పొడవున సాగి, చివర సన్నగా వంకర తిరిగింది. తల ఒకవైపు వంచి కాసేపు చూసి, ఆకే అని తేల్చుకుని, పాత దిండు గలీబుల మూట విప్పింది.

ఆసుపత్రి వెనక, బట్టలు ఉతికే గదికి ఆనుకుని ఉన్న ఈ గదిలో ఆమె ముప్పై రెండేళ్ళుగా చిరిగిన దుప్పట్లకు అతుకులు వేస్తోంది. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గాని, పిలిచేవాళ్ళు లేక అక్కడే ఉండిపోయింది. సన్నటి మనిషి. సూదిపోట్లకు కుడి చూపుడువేలి కొస గట్టిపడి కాయ కాసింది. కళ్ళద్దాల కాడ విరిగితే తెల్ల దారం చుట్టి పెట్టుకుంది. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క ఉంటుంది, గుడ్డ మీద గీత పెట్టుకోవడానికి. బల్ల మూల మీద ఒక అట్టపెట్టె. దుప్పట్ల మడతల్లో కొట్టుకొచ్చే దువ్వెనలు, బొత్తాలు అందులో వేసి ఉంచుతుంది. ఒకసారి పై వరుస కట్టుడుపళ్ళు వచ్చాయి. వాటి కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

అతుకు నలుచదరంగా ఉండాలన్నది ఆసుపత్రి పద్ధతి. ఆమె ఏనాడూ అలా వేయలేదు. చిరుగు చేపలా ఉంటే చేప, గొడుగులా ఉంటే గొడుగు. తెల్ల గుడ్డ మీద తెల్ల గుడ్డే, కుట్టిందీ తెల్ల దారమే కాబట్టి దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. అదీ తెలియకుండా ఒక ఏర్పాటు చేసుకుంది. మంచాల ఇనుప చువ్వలకు తగులుకుని దుప్పట్లు ఎక్కువగా కొసల్లోనే చిరుగుతాయి. అతుకు పడ్డ కొసకు ఎర్ర దారంతో ఒక్క కుట్టు వేస్తుంది. ఆ ఎర్ర కుట్టు కాళ్ళ వైపు రావాలని, ఆ కొసను పరుపు కిందికి దోపాలని వార్డు ఆయాలందరికీ చెప్పి పెట్టింది. పరుపు కిందికి పోయాక చేపైతేనేం, గొడుగైతేనేం!

అంత జాగ్రత్త పెద్దనర్సుకు భయపడి కాదు, దేవుడికి భయపడి. ఏడేళ్ళప్పుడు పలక మీద ఒక పిట్టను గీసింది. పొట్టి రెక్కలు, లావుపాటి పొట్ట, వెనక చేప తోక. వాళ్ళ నాన్న చర్చిలో ఉపదేశి. చెడ్డవాడు కాదు, బిడ్డల మీద చెయ్యెత్తి ఎరగడు. పలకను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇలాంటిది దేవుడు చేయలేదమ్మా, ఆయన చేయనిది మనం చేస్తే ఆయనతో పోటీకి దిగినట్టు అని చెప్పి, తడిగుడ్డ ఆమె చేతికే ఇచ్చి తుడవమన్నాడు. తుడిచింది. తోక మాత్రం రెండుసార్లు తుడిస్తే గాని పోలేదు.

అప్పటినుంచి కాగితం మీద గీత గీయలేదు. కానీ ఈ ఉద్యోగంలో చేరాక చిరుగులు ఊరుకోలేదు. అందుకని రోజూ సాయంత్రం తాళం వేసే ముందు గుమ్మంలో నిలబడి, "తండ్రీ, ఈ రోజు కూడా చేశాను, క్షమించు," అని అడుగుతుంది. చేయడమూ మానలేదు, అడగడమూ మానలేదు. అడిగినా మనసు తేలికపడిన రోజు లేదు.

ఆకు సగం కుట్టేసరికి కొత్త ఆయా ఆయాసపడుతూ వచ్చింది. పనిలో చేరి ఇంకా వారం కాలేదు.

"అక్కా, పెద్దనర్సు రమ్మంటోంది. మూల మంచం ముసలాయన దుప్పటి కుట్టిన మనిషిని చూడాలంటున్నాడు. దిండు పక్కన ఏదో పిట్ట ఉందట."

"ఎర్ర కుట్టు ఎటు వేశావమ్మా?"

ఆయా నాలుక కరుచుకుంది. "తల వైపనుకున్నాను."

అతుకులమ్మ సూదిని ఆకు మీదే గుచ్చి లేచింది. చేపో గొడుగో కాదు, ఆ పిట్టే. పోయిన వారం వచ్చిన చిరుగులో యాభై ఏళ్ళ నాటి పలక బొమ్మ కనిపిస్తే, చేతులు ఆపుకోలేక చేప తోకతో సహా కుట్టేసింది. ఆ రోజు గుమ్మంలో రెండుసార్లు క్షమాపణ అడిగింది. ఇప్పుడు ఏమని చెప్పుకోవాలో వెతుక్కుంటూ వార్డు మెట్లెక్కింది.

మూల మంచం మీది ముసలాయన రిటైరైన పాస్టరు. ఒంట్లో ఎముకలు తప్ప మరేం మిగల్లేదు. ముక్కుకు గొట్టం. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తెచ్చుకోవాలి. పాస్టరని తెలియగానే అతుకులమ్మ ప్రాణం ఇంకాస్త కుంగింది. మంచం కాళ్ళ దగ్గర పెద్దనర్సు చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"తప్పయిపోయింది అయ్యగారూ. ఇప్పుడే విప్పి నలుచదరంగా వేస్తాను."

ముసలాయన చప్పున అతుకు మీద అరచెయ్యి కప్పాడు, కంచం ఎవరో లాక్కుపోతున్నట్టు.

"ఇది ఏ పిట్టమ్మా?"

"ఏ పిట్టా కాదండి. ఇలాంటిది ఎక్కడా లేదు."

"ఇదుగో, ఉందిగా."

ఆ మాటతో అతుకులమ్మ, కట్టుకున్నవాడికి కూడా ఎన్నడూ చెప్పని పలక సంగతి పెద్దనర్సు ముందే చెప్పేసింది. నాన్న మాట, తడిగుడ్డ, రోజూ గుమ్మంలో అడిగే క్షమాపణ, అన్నీ. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది.

"మీ నాన్న మంచివాడే," అన్నాడు చివరికి. "ఒక్క సంగతి మరిచిపోయాడు. దేవుడు జంతువులన్నిటినీ చేసి మొదటి మనిషి దగ్గరికి తోలుకొచ్చాడు. వాటికి పేర్లు పెట్టడం ఆయనకు చేతకాకనా? వీడేం పేరు పెడతాడో చూద్దామని పక్కన నిలబడ్డాడు." ఆగి ఊపిరి తెచ్చుకున్నాడు. "అలా ముచ్చటపడి చూసేవాడు పోటీ అనుకుంటాడా, తల్లీ? ఆ సంగతి మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. నిలబడి చూశాడన్నది మాత్రం తెల్లవారుజామున ఈ పిట్టను చూస్తుంటేనే నాకు తట్టింది. దీనికి పేరు పెట్టావా?"

"లేదండి."

"మరి ఆయన్ని ఇంకెంతసేపు నిలబెడతావు?"

అతుకులమ్మకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. వరండాలోకి వచ్చాక పెద్దనర్సు వెనకనుంచి, ఎటో చూస్తూ, డ్యూటీ గదిలో తాను ఎనిమిదేళ్ళుగా తాబేలు అతుకున్న దుప్పటి మీదే పడుకుంటున్నానని, దాన్ని ఇంకొకరికి ఇవ్వనివ్వనని చెప్పి, ఏదో పనున్నట్టు వెళ్ళిపోయింది.

ఆ పూటంతా అతుకులమ్మ సూది కంటే పేరే ఎక్కువ వెతుక్కుంది. చేపపిట్ట అనుకుంది, బావులేదు. పొట్టపిట్ట అనుకుంటే పిట్ట చిన్నబుచ్చుకుంటుందనిపించింది. ఆకు పూర్తయింది. టిఫిను డబ్బా విప్పి తిని, మూత పెడుతూ ఆ పిట్ట వాలకం గుర్తు చేసుకుంది. ఎక్కడికీ ఎగరక్కర్లేనట్టు, ఎవరూ తొందరపెట్టనట్టు, పొట్ట ముందుకు పెట్టుకుని కూర్చుంటుంది. తాను ఇన్నేళ్ళలో ఒక్క రోజు అలా కూర్చుని ఎరగదు. పేరు దానంతటదే నోటికొచ్చింది. గదిలో ఎవరూ లేకపోయినా పైకే నవ్వేసింది.

వెంటనే వార్డుకు వెళ్ళి, ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పింది. ముసలాయన ఆ పేరును మెల్లగా రెండుసార్లు అనుకుని చూశాడు. "తీరిగ్గానే ఉంది," అన్నాడు. ఆమె చెవి మీది పెన్సిలు ముక్క ఇచ్చి వెళ్ళమన్నాడు. ఎవరికో ఉత్తరం రాసుకుంటాడు కాబోలనుకుని ఇచ్చింది.

సాయంత్రం తాళం తీసుకోబోతుంటే పెద్దనర్సు తానే దుప్పటి మోసుకొచ్చింది. ముసలాయన నాలుగున్నరకు పోయాడట. బాధపడలేదట, ఊపిరి తీసుకుని వదిలినవాడు మళ్ళీ తీసుకోలేదట, అంతే. "ఉతకడానికి వేసేముందు ఒకసారి చూడు," అని చెప్పి వెళ్ళింది.

విప్పితే కొసలో ముడివేసిన పెన్సిలు ముక్క బల్ల మీదికి దొర్లింది. పిట్ట కింద వణికే అక్షరాలతో, వరస కిందికి జారుతూ, ఆ పేరు రాసి ఉంది. ఒక్క పూట పరిచయమైన మనిషి కోసం అతుకులమ్మ తనివితీరా ఏడ్చింది. ఏడుస్తున్నా గుండె మీది బరువేదో దిగిపోతూనే ఉంది. పెన్సిలు రాత మొదటి ఉతుకుకే పోతుంది. కళ్ళు తుడుచుకుని సూదిలో నీలి దారం ఎక్కించింది. ఇన్నేళ్ళలో అతుకు మీద రంగు దారం వాడటం అదే మొదలు. ఆయన అక్షరాల వంకరలు సరిచేయకుండా, ఉన్నవున్నట్టే కుట్టింది.

తరువాత అలవాటుగా గుమ్మంలో నిలబడింది. నోరు తెరిచింది గాని రోజూ వచ్చే మాట రాలేదు.

"తండ్రీ," అంది, "దీని పేరు తీరికపిట్ట."

తలుపు మూసి, తాళం వేసి మెట్లు దిగింది. లోపల బల్ల మీద దుప్పటి కొస పైకే కనిపిస్తోంది, చేప తోక పిట్ట, దాని కింద ముసలాయన చేతిరాత నీలి దారంలో, ఆ పక్కనే ఆయన తిరిగి పంపిన పెన్సిలు ముక్క.