ఎర్ర గీత కప్పులు

మా అమ్మాయి అరుణకు నా మీద బొత్తిగా నమ్మకం లేదు. పాతికేళ్ళుగా ఈ ఇంట్లో పప్పులో ఉప్పు కంటితో కొలిచి వేస్తున్నదాన్ని. అలాంటి నా చేతిలో దగ్గుమందు సీసా మూత పెట్టి, "అమ్మా, కప్పుకి రెండు మూతల నీళ్ళు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అంది. నేనూ డిగ్రీ చదివినదాన్నే. ఆ సంగతి ఇంట్లో నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

అరుణది బరంపురంలోనే ఎమ్మెస్సీ, ఆఖరి ఏడు. కాలేజీలో చోటు చాలక ప్రాజెక్టును మా డాబా ఎక్కించింది. నలభై కప్పులు, నలభై మిరప మొక్కలు. ఇరవై కప్పులకు ఎర్ర గీత: వాటికి రోజూ నీళ్ళు. ఇరవైకి నల్ల గీత: వాటికి వారంలో మూడు రోజులు పస్తు. మూడు వారాలయ్యాక అన్నిటికీ వరసగా ఐదు రోజులు చుక్క పోయకూడదు. అప్పుడు ఎర్ర గీతవి వాడిపోవాలి, నల్ల గీతవి నిలబడాలి.

"ఎందుకే?" అన్నాను.

"దాహమేస్తే ఆకులో విషం పుడతాది. పుండు కడిగే పెరాక్సైడ్ లేదూ, అదే. దాన్ని చల్లార్చే జీన్లు మొక్కలోనే ఉంటాయి. కానీ వాటి మీదొక కాపలావాడు కూచుని నొక్కిపెడతాడు. చిన్న కష్టం తగిలితే వాడు లేచిపోతాడు, జీన్లు మేలుకుంటాయి. రేపు పెద్ద కష్టమొచ్చినా తట్టుకుంటాయి."

నాకు అర్థమైంది మా వారు వైకుంఠరావుగారి వల్ల. ఆయనలోనూ పనిచేసే గుణాలన్నీ ఉన్నాయి. ఇల్లంటుకుంటే తప్ప లేవవు.

మూడు వారాలూ గడిచాయి, చుక్క పోయని ఐదు రోజులూ అయ్యాయి. నలభై మొక్కలూ నవనవలాడుతున్నాయి.

అరుణ రెండు రకాల ఆకులూ కోసి, కాలేజీలో మందులో ముంచింది. విషం ఉంటే గోధుమరంగు మచ్చలు రావాలట. దేనికీ రాలేదు. ఐదు రోజుల పస్తుకు ముందే కోసి దాచిన ఎర్ర గీత ఆకులు చూస్తే, వాటిలోనూ జీన్లు అప్పటికే మేలుకుని ఉన్నాయి. వాళ్ళ సారు, "సోమవారం లోపల కారణం చెప్పు. లేకపోతే మొదట్నుంచి చెయ్యి" అన్నారట. మొదట్నుంచి అంటే ఏడాది పోయినట్టే.

"అమ్మా, ఎర్రవాటికి నీళ్ళు మర్చిపోయినావు కదూ?"

"పోశానే!"

"రోజూ?"

ఆ 'రోజూ' దగ్గర నేను తడబడ్డాను. పోశాను. పోశాననే అనుకుంటున్నాను. మంగళవారం గ్యాసువాడు వచ్చినప్పుడు మూత చేతిలోనే ఉంది. దించి కిందికి పరుగెత్తాక మళ్ళీ ఎక్కానా? రెండు మూతలు పోశానా, ఒకటేనా? ఎర్రవాటికి పోయాల్సినవి నల్లవాటికి పోశానా? తలుచుకున్నకొద్దీ చేసిన పని కూడా చెయ్యనట్టే కనిపించసాగింది. మా వారు పేపరు దించకుండా, "మొన్న టీలో పంచదార కూడా లేదు" అని సాక్ష్యం చెప్పారు.

మా అత్తగారు దేముడమ్మ కళ్ళాపరేషనుకు గిరిసోల నుంచి వచ్చి నెలైంది. నల్లద్దాలు పెట్టుకుని మూల కూర్చుని, "మొక్కలు బతికినాయని ఏడుస్తారేటే ఎవులైనా?" అంది.

ఆదివారం పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, నా మీద నాకే అనుమానంతో డాబా ఎక్కాను. అక్కడ అత్తగారు! వంగకూడదు, మెట్లెక్కకూడదు అని డాక్టరు చెప్పిన మనిషి, గోడ పట్టుకుని వంగి, చీర కొంగుతో ఎర్ర గీత మొక్కల తలలు అటూ ఇటూ నిమురుతోంది. గట్టిగానే. మొక్కలు పడి లేస్తున్నాయి.

"అత్తా! ఏం చేస్తున్నారు?"

"అరవకే. ఆడు లేస్తాడు." ఆడంటే ఆవిడ కొడుకు. "మా అమ్మ మిరపనారుకి ఇలాగే సేసేది. గారంగా పెరిగిన నారు పొలంలో ఎయ్యగానే తల ఏలాడేస్తాది. నల్ల గీత వోటికి మీరే పస్తులెట్టి బుద్ధి సెప్తన్నారు. ఈటికెవులు సెప్తారు?"

"ఎన్నాళ్ళనుంచి?"

"కప్పులెట్టిన కాడ్నించీ."

నా వెనకే వచ్చిన అరుణ విన్నది. ముందు ఏడ్చింది. తర్వాత అరిచింది. తర్వాత హఠాత్తుగా ఆగి, "కొంగుతో కొట్టినా కష్టమే కదా... తాకిడికి కూడా మేలుకుంటాయేమో మామ్మా!" అంది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కలిపి చేసింది. నేను మాత్రం నీళ్ళు పోశానని తేలినందుకు మెట్ల మీద కూలబడ్డాను. కింద పాలు పొంగిన వాసన వస్తోంది.

అరుణ సారుకు ఫోన్ చేసి, మాటలు అందరికీ వినబడేలా పెట్టి, జరిగింది చెప్పింది. ఆయన నమ్మలేదు. "నీళ్ళు పోయడం మర్చిపోయి కథలు చెబుతున్నావా? నిజమైతే రాయదగిన విషయమే. మళ్ళీ చేసి చూద్దాం, గడువు నేను అడుగుతాను. కానీ చేసినవాళ్ళే చెప్పాలి. ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు?"

అందరం అత్తగారి వైపు చూశాం. పాల వాసనకు లేచి మా వారు కూడా పైకి వచ్చి నిలబడ్డారు. మెట్లెక్కనని అమ్మచేత ఒట్టు వేయించుకున్న మనిషి. అత్తగారు నల్లద్దాల్లోంచి కొడుకును చూసింది. పాతికేళ్ళలో ఆవిడ నోట నేను వినని మాట ఒకటుంది.

అత్తగారు ఫోన్ లాక్కుని, నోటికి ఆనించుకుని, సారు ఒడియావాడని ఒడియాలోనే మొదలెట్టింది.

"ఆగ్యాం, భూలొ మోరొ." తర్వాత మేమూ వినాలన్నట్టు తెలుగులోకి దిగింది. "తప్పు నాదే బాబూ. పిల్లకి తెల్దు, కోడలికీ తెల్దు. కోడలు నీళ్ళు బాగానే పోసింది. రోజూ ఎక్కినాను, ఇరవయ్యేసి సార్లు నిమిరినాను. నిమరడం తప్పు కాదు. ఈళ్ళు తిట్టుకుంటంటే ఇని, నోరు మూసుకు కూకున్నాను సూడు, అది తప్పు."