లైఫ్ జాకెట్ ఉందిగా

ప్రతి ఆదివారం సాయంత్రం బాత్‌టబ్‌లో రెండు లైఫ్ జాకెట్లు నానబెట్టి, బ్రష్షుతో బురద వదలగొట్టడం ఆమె పని. పట్టీల మధ్య ఇరుక్కున్న ఇసుక ఓ పట్టాన రాదు, గోళ్ళతో గీకాలి. ఆ తర్వాత తడి బట్టలు, తువ్వాళ్ళు, టిఫిన్ డబ్బాలు, ఫ్లాస్కులు. కారు డిక్కీలో కారిన నీళ్ళు పొడిగుడ్డతో అద్దకపోతే బుధవారానికల్లా కంపు కొడుతుంది. ఆమె ఇదంతా చేస్తున్నంతసేపూ ముందుగదిలో భర్త సోఫాలో కాళ్ళు బారజాపుకుని, ఆ రోజు తీసిన వీడియోలు కత్తిరించి అతికిస్తూ ఉంటాడు. "ఈ వారం మన సాహసం" అని పేరు పెట్టి బంధువులందరికీ పంపిస్తాడు. ఆ "మన" అన్న మాట దగ్గర ఆమెకు నవ్వొస్తుంది. పెదాల దాకా రాని నవ్వు.

ఈ దేశం రాకముందు ఆమె పళ్ళ డాక్టరు. ఆరేళ్ళు సొంతంగా ప్రాక్టీసు చేసింది. ఇక్కడ ఆ పట్టా చెల్లదు. రెండు పరీక్షలు రాసి నెగ్గితే తప్ప ఎవరి నోట్లోనూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు. అందుకని ఓ క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది. అక్కడి డాక్టరమ్మ పన్ను తొలుస్తుంటే ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని పక్కన నిలబడుతుంది. పరికరాలు కడిగి ఆవిరిపెట్టెలో పెడుతుంది, కుర్చీ తుడుస్తుంది. ఒక్కోసారి డాక్టరమ్మ కంటే ముందే తనకు పుచ్చు కనబడుతుంది. నోరు మూసుకుని గొట్టం పట్టుకుంటుంది. ఇంటికొచ్చి వంటా గిన్నెలూ అయ్యేసరికి ఒళ్ళు హూనమవుతుంది. ఇక చదువుకోవాలంటే మిగిలేవి శని, ఆదివారాలే. ఆ రెండు రోజుల్నీ నీళ్ళు మింగేశాయి.

"వారమంతా చాకిరీ చేసి, ఉన్న రెండ్రోజులూ పుస్తకాలేసుక్కూర్చుంటే ఇంకెందుకీ బతుకు?" అన్నాడు అతను మొదటి ఏడు. రెండో ఏడు, పరీక్ష ఎక్కడికీ పారిపోదన్నాడు. మూడో ఏడు తెడ్లతో నడిపే కయాక్ పడవ ఒకటి కొనుక్కొచ్చి, నీ కోసమే ఇద్దరు కూర్చునేది తెచ్చానన్నాడు. ఆమెకు ఈత రాదన్న సంగతి ఇన్నేళ్ళ కాపురంలో అతనికి తెలియంది కాదు. ఆమె గుర్తుచేస్తే, "లైఫ్ జాకెట్ ఉందిగా" అన్నాడు. ఈత నేర్పుతాలే అని కూడా అన్నాడు. ఆ మాట అన్నాక రెండు వేసవులు వెళ్ళిపోయాయి. పడవలో బిగుసుకుపోయి కూర్చుంటుందని ఆమెకు "లంగరు" అని పేరు పెట్టాడు. స్నేహితులు కూడా ఇంటికొస్తే, లంగరుగారు కాఫీ ఇస్తారా అని అడగడం మొదలుపెట్టారు. అత్తగారు ఫోన్లో, "వాడికి చిన్నప్పట్నుంచీ నీళ్ళంటే ప్రాణం అమ్మాయ్. ఎంతమంది మొగుళ్ళు పెళ్ళాన్ని వెంటేసుకుని తిరుగుతారు చెప్పు? అదృష్టవంతురాలివి" అంది. అదృష్టవంతురాలు అవునత్తయ్యా అంది. ఇంకేమంటుంది?

ఈసారి వేసవి సెలవులకు నాలుగు రోజులు ఓ పెద్ద సరస్సు ఒడ్డున చెక్క ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అతని ఆఫీసులో పనిచేసే కుర్రాడూ, కొత్తగా కాపురానికొచ్చిన ఆ కుర్రాడి భార్యా తోడు వచ్చారు. నలుగురికీ నాలుగు రోజులకు సరిపడా పొడులూ పచ్చళ్ళూ పప్పులూ ఆమే సర్దింది. ఇల్లు మారింది గానీ పొయ్యి ముందు మనిషి మారలేదు. ఆ రెండో రోజుతో ఆమె పరీక్షకు దరఖాస్తు గడువు ముగుస్తుంది. ఈ ఏడు దాటితే అసలు పట్టానే మళ్ళీ మొదట్నుంచి పరిశీలిస్తామని ముందే ఉత్తరం వచ్చింది. బయల్దేరే ముందే పంపుదామనుకుంది కానీ, అతను స్కాన్ చేసి పెడతానన్న కాగితం ఒకటి అతని ఆఫీసు సొరుగులోనే ఉండిపోయి, సరస్సుకు వెళ్ళే దారిలో ఆఫీసు దగ్గర ఆగితే గానీ చేతికి రాలేదు. ఆ అడవిలో సిగ్నల్ లేదు. అరగంట దూరంలో ఊరుంది, తీసుకెళ్ళమని రెండో రోజు పొద్దున్నే అడిగింది. గాలి పడిపోయి నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఇలాంటి రోజు మళ్ళీ దొరకదు, సాయంత్రం వెళ్దామన్నాడు. సాయంత్రం వచ్చేసరికి అతను అలిసిపోయాడు. ఆమె కారు తాళం వంక చూస్తూ కూర్చుంది. ఇక్కడ నడపడానికి ఆమెకు లైసెన్సు లేదు. అదీ నేర్పుతానన్నవాటిలో ఒకటి.

మూడో రోజు పొద్దున్న ఒడ్డుకు చాలా దూరంలో ఉండగా, నీళ్ళ మీద వాలిన తెల్లపిట్ట ఒకటి అతనికి కనబడింది. ఛాతీకి కట్టుకున్న చిన్న కెమెరాలో అది పడాలని నడుం తిప్పి బయటికి ఒరిగాడు. పడవ బోర్లాపడింది. ముక్కులోకీ చెవుల్లోకీ చల్లటి నీళ్ళు. తర్వాత జాకెట్టు ఆమెను పైకి తన్నింది. కళ్ళు తెరిచేసరికి అతను రెండు బారల దూరంలో తేలుతున్నాడు. ఆమె వంక చూశాడు. ఆమె కూడా చూసింది. అప్పటికే గాలి మొదలై పడవ పక్కకు జరిగిపోతోంది. అతను దాని వంక చూశాడు.

"కదలకు. నువ్వెక్కడికీ పోవు" అని పడవ వైపు ఈదుకుంటూ వెళ్ళిపోయాడు.

నిజమే, ఆమె ఎక్కడికీ పోలేదు. వెల్లకిలా తేలింది. చెవులు నీళ్ళలో మునిగి ఉండటంతో ఏ చప్పుడూ లేదు. పొద్దున్న నానబెట్టిన పప్పు గుర్తొచ్చింది. ఆరేసిన తువ్వాళ్ళు గుర్తొచ్చాయి. తర్వాత ఏదీ గుర్తు రాలేదు. తననిక ఎవరూ ఏమీ అడగరు. కాళ్ళు మొద్దుబారుతున్నాయని తెలుస్తూనే ఉంది, అవి ఎవరివో అన్నట్టుగా తెలుస్తోంది. ఇలాగే ఉండిపోతే రేపు లేవక్కర్లేదు అనిపించింది. ఆ ఆలోచన తరుముకుంటూ రాలేదు. నిద్రపోయేవాళ్ళ మీద ఎవరో దుప్పటి కప్పినట్టు, మెల్లగా, ఎంతో ఆప్యాయంగా వచ్చింది. ఎంతసేపైందో తెలీదు. కొత్త జంట పడవ వచ్చి పక్కన ఆగింది. ఆ అమ్మాయి వంగి రెక్క పట్టుకుని, అక్కా అక్కా అని పిలుస్తోంది. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకు. భయపడి ఏడుస్తోందనుకున్నారు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక అతను కెమెరాను టీవీకి తగిలించాడు. అంతా రికార్డయింది. పడవ బోర్లాపడ్డ చోట అందరూ విరగబడి నవ్వారు. లంగరు నీళ్ళలో పడిందోచ్ అన్నాడు అతను. తర్వాత తెరనిండా ఆమె ముఖం. అతను తనవంక చూసిన ఆ రెండు క్షణాలు. తర్వాత కెమెరా తిరిగిపోయి నీళ్ళు, అతని చేతులు, పడవ.

నవ్వు ఆగాక కొత్త పెళ్ళికూతురు నెమ్మదిగా అడిగింది. "అక్కా, మీరసలు అరవలేదేం?"

"అరిస్తే నీళ్ళు మింగాలిగా. మంచి శిక్షణ ఇచ్చాం" అని అతనే జవాబిచ్చి, మరోసారి చూపిస్తానంటూ వెనక్కి తిప్పి, ఆమె ముఖం దగ్గర ఆపాడు.

ఆమె ఆ ముఖాన్ని చూసింది. అందులో భయం లేదు. సాయం చెయ్యమని అడగడం లేదు. ఆ ముఖం ఆమెకు బాగా తెలుసు. రాత్రంతా పన్నునొప్పితో అల్లాడి వచ్చినవాళ్ళకు చిగుళ్ళలో మత్తు ఇంజక్షన్ ఇస్తే, అది ఎక్కుతున్నప్పుడు ముఖం అలా విప్పారుతుంది. హమ్మయ్య అన్నట్టుంటుంది. తన ముఖం మీద దాన్ని చూసేసరికి ఆమెకు, నీళ్ళలో పుట్టని వణుకు, ఆ వెచ్చటి గదిలో పుట్టింది. లేచి వెళ్ళి గిన్నెలు తోమింది.

తిరుగు ప్రయాణంలో కారులో అడిగింది. నన్ను చూశారు కదా, చూసి కూడా పడవ వైపు వెళ్ళారేం అని.

"లైఫ్ జాకెట్ ఉందిగా నీకు. పడవ పోతే ఒడ్డుకెలా వచ్చేవాళ్ళం? కాస్త ఆలోచించు."

ఆమె ఆలోచించింది. అతను చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఏ మాటకామాట విడిగా చూస్తే అతను చెప్పేదంతా ఎప్పుడూ సబబుగానే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఏ ఒక్కదానికీ ఎదురు చెప్పలేకపోయింది. వచ్చే శనివారం ఏటికి వెళ్దామన్నాడు అతను. అక్కడ నీళ్ళు జోరుగా ఉంటాయట, వీడియో అదిరిపోతుందట. జాకెట్లు బాగా ఆరబెట్టమన్నాడు.

సోమవారం క్లినిక్‌లో మొదటి పేషెంటు రావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆమె ట్రేలో పరికరాలు వరసగా సర్దుతోంది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ సెలవులు ఎలా గడిచాయని అడిగింది. బాగా గడిచాయనడం ఆమెకు అలవాటు. ఈసారి ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. పడవ బోర్లాపడిందని చెప్పింది. డాక్టరమ్మ కుళాయి కట్టేసి ఇటు తిరిగింది. అయ్యో, చాలా భయపడి ఉంటారే అంది.

"లేదండీ. భయమెయ్యలేదు" అంది ఆమె. చేతిలో ఉన్న పరికరాన్ని ట్రేలో పెట్టింది.

"మీకు తెలిసిన మంచి డాక్టరెవరైనా ఉన్నారా? మనసుకి చూసేవాళ్ళు. నీళ్ళలో పడ్డప్పుడు నేను అరవలేదు. ఎందుకు అరవలేదో ఎవరికైనా చెప్పాలి. ఈ శనివారంలోపే చెప్పాలి."