కంప్యూటర్ దొరసాని

మెట్‌పల్లి దాటి ధర్మపురి వైపు పోయే తోవలో ఉన్న ఆ చక్కెర ఫ్యాక్టరీలో రుక్మాబాయి హోదా పలకాలంటే నాలుక నాలుగు మెలికలు తిరగాలి. సీనియర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్. తలుపు మీద రాయడానికి వచ్చిన పెయింటర్‌కు చోటు చాలక చివరి అక్షరాలు చౌకట్టు ఎక్కాయి. అంత పొడుగు పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? హమాలీ దగ్గర్నుంచి మేనేజర్ దాకా అందరికీ ఆమె కంప్యూటర్ దొరసాని. పుట్టుకతో దొరల బిడ్డే కనుక ఆ పేరులో సగం ఎగతాళి, సగం నిజం. ఆమె రెండు సగాలనూ హాయిగా పుచ్చుకునేది.

ఉన్న మాట చెప్పాలంటే, ఆ గర్వం ఆమెకు తగినదే. హైదరాబాద్ నుంచి లారీలో కంప్యూటర్ దిగిననాడు దాంతోపాటు వచ్చిన కుర్ర ఇంజనీర్లు కొన్నాళ్లు ఉండి, తెలిసింది చెప్పి, బిర్యానీ తిని వెళ్లిపోయారు. అప్పటి నుంచీ దాని మంచి చెడ్డలన్నీ రుక్మాబాయివే. కాంటా దగ్గరి తెర, సర్వే సెక్షన్ తెర, ఆఫీసు తెర, అన్నిటి తీగలూ వచ్చి ఆమె గదిలోని పెట్టెలో కలుస్తాయి. ఎవరు ఏది చూడాలో, ఎవరు ఏది దిద్దాలో ఆమె గీసిన గీతే. రోజూ సాయంత్రం ఆ రోజు రాతనంతా టేపు మీదికి ఎత్తి బీరువాలో పెట్టేది. ఆదివారం ఎత్తిన టేపును మాత్రం ఇంటికి తీసుకుపోయేది, గదికి నిప్పంటుకున్నా ఒక నకలు బతికి ఉండాలని. ఎండాకాలం కరెంటు పోయి, యంత్రం బ్యాటరీల మీద నడుస్తూ ఏసీ మాత్రం ఆగిపోతే వట్టివేళ్ల తడికలు కట్టించి, నీళ్లు చల్లించి, యంత్రాన్ని పసిపిల్లను సాకినట్టు సాకింది. అది చేసే చప్పుడును బట్టే దాని ఒంట్లో ఎట్లా ఉందో చెప్పేది.

ఇంతకీ ఆ పెట్టెలో ఉన్నదేమిటి? కోత వరస. చెరుకు నాటిన తేదీని బట్టి ఎవరి తోట ముందు కొట్టాలో, ఎవరిది తర్వాతో చెప్పే వరస. చెరుకుకు ఒక ఈడుంటుంది. ఆ ఈడు దాటి పొలంలో నిలబడితే రసం ఇంకి, కట్టెలవుతుంది. కంప్యూటర్ రాకమునుపు ముందు వరసలన్నీ పెద్దింటి వాళ్లవి, చివరి వరసలన్నీ పేదవాళ్లవి. రుక్మాబాయి వచ్చాక నాటిన తేదీకే పెద్దరికం దక్కింది.

ఈ పద్ధతి అందరికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఫ్యాక్టరీ చైర్మన్ జైపాల్‌రావుకు. ఆయన రుక్మాబాయికి స్వయానా చిన్నాయన. తండ్రి పోయాక ఆమెను పట్నంలో ఉంచి చదివించిందీ ఆయనే. చెడ్డవాడు కాదు గానీ, ముందు నడవడం అలవాటైన మనిషి. ఒకసారి నవ్వుతూ నవ్వుతూనే తన తోటను జర ముందుకు జరపమన్నాడు. ఆమె కూడా నవ్వుతూనే జరపనన్నది. ఆ తర్వాత ఆయన మళ్లీ అడగలేదు, కానీ పెళ్లిళ్లలో, పేరంటాలలో చుట్టాలందరి ముందూ ఆ సంగతి చెప్పి ఆమెను దెప్పుతూనే ఉండేవాడు.

ఆ ఏడు వానలు ఎక్కువై, గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి నాటిన తేదీలు రాసుకునే సర్వేయర్ పోనేలేదు. ఊరి ఆడవాళ్లు బండి కట్టుకుని వచ్చి రుక్మాబాయి కిటికీ ముందు కూర్చున్నారు. వాళ్లలో రామవ్వ అనే ఆమె మొగుడు పోయాక ఒంటి చేత్తో సేద్యం చేస్తున్నది. అందరికన్నా ముందు చెరుకు నాటింది ఆమే. రుక్మాబాయి సర్వేయర్‌ను వెంటబడి పంపించి, ఆ ఊరి తేదీలన్నీ దసరాకు రెండు రోజుల ముందు తనే కూర్చుని ఎక్కించింది. ఎక్కించి, "నీ చెరుకు నీ వంతుకే కొడతరు రామవ్వా, నాదీ మాట" అన్నది.

ఇక దసరా వచ్చింది. ప్రతి ఏడూ ఆయుధపూజకు ఫ్యాక్టరీలో యంత్రాలన్నిటినీ ఆపి, కడిగి, కుంకుమ పెడతారు. పూజ చేసిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టుకోరు. కంప్యూటర్‌కు మాత్రం రుక్మాబాయి ఆ పండుగ దక్కనియ్యలేదు. తెర అంచుకు ఒక బొట్టు పెట్టించుకుని, నడుస్తున్నదాన్ని నడవనిచ్చేది. ఈసారి పూజ ఘనంగా చేయాలని చైర్మన్‌కే బుద్ధి పుట్టింది. మైకులు తెప్పించాడు, తోరణాలు కట్టించాడు, కంప్యూటర్ కూడా ఆగాల్సిందేనన్నాడు. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కు ఆగి చల్లారితే, లోపలి పళ్లాలు బిగుసుకుని మళ్లీ తిరగకపోవచ్చని ఆమె నచ్చజెప్పి చూసింది.

"ఏడాదికొక్కనాడు కత్తి గూడ ఒరల పండుకుంటది బిడ్డా. నీ డబ్బా పండుకుంటే ఏమైతది?" అన్నాడు జైపాల్‌రావు.

"పండుకునుడు ఎరుకే చిన్నాయనా. లేస్తదో లేదో ఎరుక లేదు."

చైర్మన్ మాట చైర్మన్ మాటే. ఆమె చేతులారా యంత్రాన్ని ఆపింది. యంత్రం ఆగిన గదిలోని నిశ్శబ్దాన్ని ఆమె భరించలేకపోయింది. పూజకు నిలబడకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతుంటే, రుక్మాబాయి చిన్నాయన గడప తొక్కలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆయనకు జమ్మి ఇవ్వని దసరా అదొక్కటే.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ ముందు జాతర. కోత కూలీలు మరాఠీ ఊళ్ల నుంచి పిల్లాజెల్లాతో దిగి ఉన్నారు. రైతులు బండ్లు విప్పి కూర్చున్నారు. తొలి వరసను చైర్మన్ మైకులో చదివి వినిపించడం అక్కడి ఆనవాయితీ. రుక్మాబాయి గదిలోకి పోయి మీట నొక్కింది. పంకాలు తిరిగాయి. దీపాలు వెలిగాయి. డిస్కు మాత్రం ఒకసారి టక్కుమని, మళ్లీ టక్కుమని ఊరుకున్నది. ఏ చప్పుడు రావాలో ఆ చప్పుడు రాలేదు.

ఆమె కంగారు పడలేదు. ఇట్లాంటి రోజు కోసమే ఆమె కొత్త డిస్కు ఒకటి అట్టపెట్టెలో దాచి పెట్టుకుంది. దాన్ని బిగించి, పండుగ ముందటి సాయంత్రం ఎత్తిన టేపు పెట్టింది. యంత్రం చదవలేనన్నది. అంతకు ముందు రోజుది పెట్టింది. అదీ అంతే. మూడోది పెట్టేటప్పుడు దాని మూలన కుంకుమ బొట్టు కనబడింది.

గది అటెండర్ బుచ్చిరాములు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. టేపులకు బొట్టెవరు పెట్టారని అడిగితే సంబరంగా ముందుకు వచ్చాడు.

"మన గదిల కత్తులు, సుత్తెలు లేవాయె. గీ టేపులే మన ఆయుధాలని పూజల పెట్టిన మేడం. కింద పెడితే ఎవలన్న తొక్కుతరని, అన్నిటికన్న ఎత్తున, మైకు డబ్బా మీద పెట్టిన."

రుక్మాబాయి కళ్లు మూసుకుంది. టేపు మీది రాత అయస్కాంతం రాత. మైకు డబ్బాలో పళ్లెమంత అయస్కాంతం ఉంటుంది. పగలంతా దాని మీద కూర్చున్న టేపులు చదవరాకుండా పోయాయి. భక్తితో ఎత్తున పెట్టిన చేతిని ఏమని తిట్టాలి? సంగతి అర్థమైన బుచ్చిరాములు తల పట్టుకుని కూలబడ్డాడు. ఆమె అతన్ని లేపి, పరుగున పోయి తన ఇంట్లోని టేపు తెమ్మని పంపింది.

ఆ టేపును యంత్రం చక్కగా చదివింది. కానీ అది పోయిన ఆదివారం నాటిది. ఆ తర్వాత ఎక్కించిన గోదావరి ఒడ్డు ఊరు అందులో లేదు. సర్వే కాగితాలు చూసి మళ్లీ ఎక్కిద్దామంటే, సర్వేయర్ వాటిని బీరువాలో పెట్టి, తాళంచెవి మొలకు కట్టుకుని పండుగకు భైంసాలోని అత్తగారింటికి పోయి ఉన్నాడు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అప్పుడే జైపాల్‌రావు గదిలోకి వచ్చాడు. సంగతంతా విని, ఉన్నకాడికి అచ్చు కొట్టియ్యమన్నాడు. మిగిలిన ఊరిని తర్వాత చూద్దామన్నాడు.

"తర్వాత అంటే ఎప్పుడు చిన్నాయనా? వాళ్ల చెరుకు కట్టెలైనంకనా?" అన్నది రుక్మాబాయి. "నేను రామవ్వకు మాటిచ్చిన. జర ఆగుర్రి."

ఎవరైనా అడ్డొస్తే ఆయన ఆగే మనిషి కాదు. కానీ ఆ గొంతు విని ఎందుకో ఆగాడు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె పాత డిస్కును విప్పి బయటికి తీసింది. మెత్తటి గుడ్డలో చుట్టి, కిటికీ గట్టు మీద ఎండ తగిలేచోట పెట్టి, పైన రెండు చేతులూ కప్పింది. చల్లారి బిగిసింది వేడికి కొంచెం సడలాలి. బయట రైతుల గోల పెరుగుతున్నది. ఆ గుంపులో ఎక్కడో రామవ్వ ఉంది. ఇది లేవకపోతే ఆమె ముఖం ఎట్లా చూడాలి? రుక్మాబాయికి భయమేసింది. ఆ భయం చేతుల్లోకి దిగకుండా చూసుకుంది.

డిస్కు గోరువెచ్చనయ్యాక దాని తీగలు తగిలించి అరచేతుల మధ్య పట్టుకుంది. బుచ్చిరాములును మీట దగ్గర నిలబెట్టింది. తన చెయ్యి పాడు చెయ్యి అని అతను వెనకాడితే, ఆ చెయ్యే కావాలన్నది. ఆమె అనగానే అతను మీట నొక్కాలి, ఆ క్షణానే ఆమె డిస్కును మణికట్టుతో చురుగ్గా తిప్పాలి. మెల్లగా తిప్పితే పళ్లాలు వీడవు. గట్టిగా తిప్పితే లోపల రాత చదివే సూది పళ్లాలను గీరి రాతంతా పోతుంది. మొరాయించిన ఇసుర్రాయిని కదిలించడానికి ఆడవాళ్లు ఇచ్చే మొదటి గుంజులో ఎంత బలముంటుందో అంతే కావాలి.

మొదటిసారి టక్కుమన్నది. ఆమె చెయ్యి భయపడిందని ఆమెకే తెలిసింది. చీర కొంగుతో అరచేతులు తుడుచుకుని, మళ్లీ పట్టుకుని, నొక్కమన్నది.

సన్నగా మొదలైంది చప్పుడు. కీచుమని, ఈలయ్యి, చివరికి ఆమె ఇన్నేళ్లుగా రోజూ విన్న ఆ నిండైన గుంయ్‌మనే రొద అయింది. బుచ్చిరాములు మీట మీది చెయ్యి తియ్యకుండానే ఏడ్చాడు. జైపాల్‌రావు లేచి నిలబడి, ఇక అచ్చు కొట్టియ్యమన్నాడు.

"ఇప్పుడే కొట్ట. ఇది మల్ల లేవది చిన్నాయనా. లేచినప్పుడే ఉన్నదంత తీస్కోవాలె."

బయట అరుపులు మొదలైనా ఆమె చెవిన పెట్టలేదు. తిరుగుతున్న పాత డిస్కును మెల్లగా బల్ల మీది గుడ్డపై ఆనించి, అందులోని ప్రతి అక్షరాన్నీ కొత్తదానిలోకి ఎత్తించింది. ఎత్తినదాన్ని మళ్లీ చదివించి, రెండూ ఒకటేనని సరిచూసుకుంది. దాన్ని మళ్లీ ఒక కొత్త టేపు మీదికి కూడా ఎత్తించింది. అప్పుడు గానీ అచ్చు మీట నొక్కలేదు. అంతసేపూ పాత డిస్కు తిరుగుతూనే ఉంది. పని అయ్యాక ఆమె దాన్ని తన చేత్తోనే ఆపి, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టుకుంది.

జైపాల్‌రావు కాగితాలు పట్టుకుని మైకు ముందుకు పోయాడు. మొదటి పేరు రామవ్వది. తర్వాత ఎందరెందరివో చదివాడు. తన పేరు ఎక్కడో కింద వచ్చింది. దాన్నీ మిగతావాటి మాదిరిగానే, గొంతు తగ్గించకుండా చదివాడు. కిటికీలోంచి వింటున్న రుక్మాబాయికి గుండె నిండిపోయింది. ఇది నా పని, నేను చేసిన పని అనుకుంది, పైకే అనుకుంది.

కాసేపటికి రామవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. జైపాల్‌రావు కూడా అక్కడే ఉన్నాడు. లోపల ఏమి జరిగిందో రామవ్వకేం తెలుసు? ఇచ్చిన మాట నిలబడుతుందని ఆమెకు ముందే నమ్మకం.

"నువ్వన్నట్టే మొదలే వచ్చింది బిడ్డా. గా మిషిన్ సల్లగుండ, అంత అదే చేసింది" అన్నది రామవ్వ.

రుక్మాబాయి నవ్వి ఊరుకుంది. జైపాల్‌రావు ఊరుకోలేదు.

"మిషిన్ పండుకున్నది రామవ్వా. నేనే పండవెట్టిన. లేపింది మా రుక్మ."

అని, అంగీ జేబులోంచి జమ్మి ఆకు తీశాడు. నిన్నటిది, కొంచెం వాడింది. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతిలో పెట్టాల్సిన ఆ ఆకును ఆయన కిటికీ ఊచల మధ్య నుంచి అన్న బిడ్డ చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించాడు. రుక్మాబాయి గబుక్కున బయటికి వచ్చి, ఆయన కాళ్లకు మొక్కింది.